మోసిన మాటకు పూచీ

2018వ సంవత్సరపు వేసవిలో గద్వాల ప్రాంతపు పల్లెలలో ఒక వింత కనబడినది. మన వైపు ఎండకాలమున ఇంటిలోపల పండుకొనువారు అరుదు. పొద్దు గుంకగానే వాకిట నీళ్లు చల్లి, నులకమంచము వాల్చి, చుక్కలను చూచుచు, ఇరుగుపొరుగుతో ముచ్చటలాడుచు నిద్రపోవుట తరతరములుగా వచ్చిన అలవాటు. అట్టిది ఆ యేడు ఆ పల్లెలలో చీకటి పడుచుండగానే తలుపులు మూతపడుచుండెను. వాకిండ్లు ఖాళీ. మంచములు లోపల. అంత ఉక్కలోను జనము తలుపులు బిగించుకొని లోపలనే ఉండిపోవుచుండిరి. ఈ సంగతిని మొదట గుర్తించినవారు ఊరూర తిరుగుచుండిన పోలీసు కానిస్టేబుళ్లు. ఎందుకిట్లు చేయుచున్నారని అడుగగా జనము తమ ఫోనులు తీసి చూపిరి.

ఆ ఫోనులలో ఉన్నది ఒక కథ. పార్ధీ ముఠా ఒకటి దిగినదట, పిల్లలను ఎత్తుకొనిపోవునట, చంపి అవయవములు తీసి అమ్ముకొనునట. కథకు తోడు వీడియోలు, ఫోటోలు, జాగ్రత్త అని హెచ్చరించు ఒక గొంతు. ఆ గొంతు ఎవరిదో తెలియదు. ఆ చిత్రములు ఏ దేశమున ఎప్పుడు తీసినవో తెలియదు. కాని వానిని పంపినవాడు మాత్రము తెలిసినవాడే: మేనమామ, బావమరిది, పక్కింటి పిల్లవాడు, ఊరిలో చదువుకొన్నవాడు.

ఇక్కడ ఒక మాట చెప్పవలె. పార్ధీలు ఒక సంచార జాతివారు. 1871లో బ్రిటిషువారు చేసిన చట్టము క్రింద నేరజాతులుగా ముద్ర వేయబడిన అనేక జాతులలో వారును ఉన్నారు. స్వతంత్ర భారతమున 1952లో ఆ ముద్రను తొలగించిరి. చట్టపు పుస్తకము నుండి తొలగినది గాని జనుల నోటి నుండి తొలగలేదనుటకు ఈ పుకారే సాక్ష్యము. కొత్త యంత్రము మీద పాత నింద ఎక్కి ఊరేగినది.

ఆ మే మాసముననే మన రాష్ట్రమున ప్రాణములు పోయినవి. నిజామాబాదు జిల్లా భీమ్‌గల్ వైపు ఒకరు. యాదాద్రి భువనగిరి జిల్లా బీబీనగర్ మండలములో బంధువులను చూడవచ్చిన ఒక ఆటో డ్రైవరు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, రంజాను మాసము గదాయని యాచనకు మహబూబ్‌నగర్ నుండి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ. వీరిలో ఏ ఒక్కరును ఏ బిడ్డనూ ఎత్తుకొనిపోయినవారు కారు. పరాయి ముఖము కావడమొక్కటే వారి నేరము.

జూలై 13వ తేదీన మన పొరుగున ఉన్న బీదరు జిల్లాలో జరిగినది ఉపాధ్యాయులమైన మనకు మరింత గట్టిగా తగులవలె. హైదరాబాదుకు చెందిన ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మిత్రులతో కలిసి కారులో ఆ వైపు వెళ్లెను. దారిలో బడిపిల్లలు కనబడగా వారికి చాక్లెట్లు పంచిరి. బడిపిల్లలకు తీపి పెట్టుట ఏ కాలమున నేరమైనది? ఊరివారికి అనుమానము కలిగినది, మాటామాటా పెరిగినది, వీరు కారెక్కి బయలుదేరిరి. కారు కంటె వేగముగా సందేశము బయలుదేరినది. ముందున్న ముర్కి గ్రామములోని వాట్సాప్ గ్రూపునకు పిల్లల దొంగలు వచ్చుచున్నారను వార్త వీడియోతో సహా చేరినది. అక్కడ దారికి అడ్డము పెట్టి జనము వేచి ఉండిరి. కారు బోల్తాపడినది. ఆ యువకుడు మరల ఇంటికి రాలేదు. రక్షింపబోయిన పోలీసులకును గాయములు తగిలినవి.

ఆ యువకుని చంపినవారెవరు? చేయి చేసికొన్నవారు కొందరు. వారి సంగతి న్యాయస్థానము చూచును. కథను మొదట అల్లినవాడెవడో, వాని జాడ చాలసార్లు దొరకదు. ఈ ఇరువురి నడుమ వేలమంది ఉన్నారు. వారు కొట్టలేదు, కల్పించలేదు. అందుకొనిరి, అందించిరి. వారిని ఏ కోర్టును విచారింపజాలదు. విచారింపవలెనని నేనును కోరను. కాని వారిలో ఒక్కరికైనను ఆ రాత్రి నిద్ర పట్టకపోయెనా అనునదే నా ప్రశ్న. పట్టియే ఉండును. ఏమనగా వారందరి వద్దను ఒకే సమాధానమున్నది: ‘‘నాకు వచ్చింది, నేను పంపిన.’’

ఈ నాలుగు మాటలను గూర్చియే ఈ వ్యాసము.

మన పల్లెలలో ఒకనికి అప్పు కావలసి వచ్చినపుడు మరొకడు పూచీ పడును. మన తెలంగాణములో జమానతు ఉండుట అందురు. అప్పు తీసికొన్నది తాను కాదు, తిన్నది తాను కాదు. అయినను ఋణగ్రస్తుడు ఎగవేసిననాడు సాహుకారు నేరుగా పూచీ పడినవాని గడప ఎక్కును. అప్పుడు ‘‘అతడడిగెను, నేను ఊరకనే సంతకము పెట్టితిని’’ అనుట చెల్లదు. వాని ముఖము చూచియే సాహుకారు డబ్బు విప్పినాడు. మాట విషయమునను ఇంతే. నా చేతి మీదుగా పోయిన మాటను అవతలివాడు నా ముఖము చూచి నమ్మును. అజ్ఞాతుని అబద్ధమునకు నా మంచిపేరు తాకట్టు పడినది.

ఆ సంవత్సరము దేశమున పలుచోట్ల తిరిగిన వీడియో ఒకటి కలదు. ఇద్దరు మోటారు సైకిలు మీద వచ్చెదరు. వీధిలో ఆడుకొనుచున్న పిల్లవానిని ఒకడు లేవనెత్తి బండి మీద పెట్టుకొనగా ఇద్దరును పారిపోవుదురు. చూచినవారి గుండె జల్లుమనును. వాస్తవముగా అది పాకిస్తానులోని కరాచీ నగరమున పిల్లల రక్షణకై పనిచేయు ఒక సంస్థ తల్లిదండ్రులను హెచ్చరించుటకు తీయించిన ప్రచార చిత్రము. ఆ మనుష్యులు మరల వచ్చి పిల్లవానిని దింపి, ఈ నగరమున పిల్లవానిని ఎత్తుకొనిపోవుటకు క్షణము చాలునని వ్రాసిన అట్టను చూపుదురు. ఆ చివరి భాగమును ఎవరో కత్తిరించిరి. మిగిలినది అబద్ధము కాదు, కల్పన కాదు. సత్యములో ఒక ముక్క. ఆ ముక్కయే మనుష్యులను చంపినది.

భారతము చదివినవారికి ఇది కొత్త కథ కాదు. తిక్కనగారి ద్రోణపర్వము చదివిన విద్యార్థి ఎవడైనను చెప్పగలడు. భీముడు అశ్వత్థామ అను పేరు గల ఏనుగును చంపి అశ్వత్థామ చచ్చెనని కేకలు వేసెను. ద్రోణుడు ఆ కేకను నమ్మలేదు. భీముని మాటకు ఆయన వద్ద అంత విలువ లేదు. ఆయన ధర్మరాజు వైపు తిరిగి అడిగెను. ధర్మరాజు అవునని బిగ్గరగా పలికి, ఏనుగు అను మాటను తగ్గుస్వరమున కలిపెను. ద్రోణుడు అస్త్రములు విడిచెను. తరువాతి కథ అందరకు తెలిసినదే.

ఎన్ని మారులు పాఠము చెప్పినను నన్ను పట్టుకొను సంగతి ఒకటి ఇందు కలదు. ఆ ఉపాయము ధర్మరాజుది కాదు. కేక వేసినవాడు ఆయన కాదు. ద్రోణుని తల నరికినవాడును ఆయన కాదు. ఆయన చేసినదెల్ల తన వద్దకు వచ్చిన మాటను ముందుకు పంపుట, అందులో ఒక ముక్కను మింగుట. అయినను, అంతవరకు భూమిని తాకక నడచుచుండిన రథము నేలకు దిగినది ఆయనదే. భీముని రథము దిగెనని ఎవరును వ్రాయలేదు. చివరకు స్వర్గారోహణమున నరకదర్శనము చేయవలసి వచ్చినదియు ఆయనకే. నమ్మదగినవాడు మోసినప్పుడే అబద్ధమునకు కాళ్లు వచ్చునని వ్యాసుడు ఎరుగును.

ఊరిలో నేటికిని నమ్మదగినవాడెవడు? ఉపాధ్యాయుడు. మనలను గూర్చి మనము ఎంత తక్కువగా మాటలాడుకొన్నను, ఒక సందేశము ‘‘సారు పంపిండు’’ అనగానే దానికి తూకము పెరుగును. పదవ తరగతి పిల్లవాడు పంపిన దానిని తండ్రి నవ్వి విడిచిపెట్టును; సారు పంపిన దానిని తన నలుగురు అన్నదమ్ములకు పంపును. కనుకనే ఈ విషయమున మన పూచీ ఇతరుల కంటె ఎక్కువ.

ఇతరులకు చెప్పుటకు ముందు నా లెక్క నేను ఒప్పగించుట న్యాయము. నేను పదవీ విరమణ చేసిన తరువాత నా పూర్వ విద్యార్థులు హనుమకొండలో ఒక గ్రూపు పెట్టి నన్నును చేర్చిరి. ఒకనాడు ఆరేండ్ల బాలిక తప్పిపోయినదని, కనబడినచో ఈ నంబరుకు తెలుపుడని, ఫోటోతో ఒక సందేశము వచ్చినది. పసిపిల్ల ముఖము చూచి నా మనసు కరగినది. వెంటనే నాలుగు గ్రూపులకు పంపితిని. పంపి, ఏదో పుణ్యకార్యము చేసినట్లు కాఫీ త్రాగితిని. సాయంకాలమునకు ఒక పూర్వ విద్యార్థి ఫోను చేసెను. ఆ నంబరుకు అతడు మాటలాడినాడట. ఆ పాప తప్పిపోయిన మాట నిజమే గాని, అది కొన్ని యేండ్ల క్రిందటి మాట; అదే రోజున దొరికినదట. నేడు ఆ తండ్రికి వారమునకు పదిమంది ఫోను చేయుచుందురట. పాప పెద్దదైనది, తన చిన్ననాటి ఫోటో ఇంకను ఊరెల్ల తిరుగుచున్నదని బడిలో తోటిపిల్లలు ఏడిపించుచున్నారట. తండ్రి విసుగుతో అన్న మాట మాత్రము నా శిష్యుడు నాకు చెప్పలేదు. నేను అడుగనూ లేదు.

దురుద్దేశముతో పంపినవానికే తప్పు అంటుననుకొనువారికి ఈ సంగతి చెప్పుచున్నాను. నేను దయతో పంపితిని. దయకు కళ్లు మూసుకొను స్వభావము కలదు.

మన వరంగల్ చెంతనే జరిగిన సంగతి ఒకటి ఇంతకంటె పెద్దది. 2020 మే 21వ తేదీన గొర్రెకుంటలో గోనెసంచులు కుట్టు కార్ఖానాను ఆనుకొని ఉన్న బావిలో నాలుగు శవములు తేలినవి. మరునాటికి మరి ఐదు. వారు వలస కార్మికులు. బెంగాలు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక కుటుంబమువారు, బీహారుకు చెందిన పనివారు. అది లాక్‌డౌను కాలము. వలస కూలీలు మండుటెండలో వందల మైళ్లు నడచిపోవుచుండగా చూచి దేశమంతయు కంటతడి పెట్టిన రోజులు. కనుక, పని లేక, తిండి లేక ఆ కుటుంబము ఆత్మహత్య చేసికొన్నదను మాట మొదట పలువురికి నమ్మదగినదిగా తోచినది. నాకును అట్లే తోచినది. ఆ మాటలో జాలి ఉన్నది, ప్రభుత్వముల మీద ధర్మాగ్రహమున్నది, ఒక కవితకు సరిపడు బాధ ఉన్నది. లేనిది సత్యమొక్కటే.

నాలుగు రోజులలో పోలీసులు నిందితుని పట్టుకొనిరి. అంతకుముందు తాను చేసిన ఒక హత్యను కప్పిపుచ్చుటకై అతడు వారి భోజనమున నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవారిని బావిలో పడవైచినాడని తేలినది. అదే సంవత్సరము అక్టోబరు 28న వరంగల్ న్యాయస్థానము అతనికి మరణశిక్ష విధించినది. ఆత్మహత్య కథ అందరు నమ్మినట్లే నిలిచిపోయి ఉన్నచో ఆ తొమ్మిదిమందికి జాలి దక్కెడిది, న్యాయము దక్కెడిది కాదు. మన కన్నీరే హంతకునకు ముసుగై ఉండెడిది. దర్యాప్తు చేయువారు బావి గట్టున నిలిచి ఇంకను చూచుచుండగానే మనము ఇండ్లలో కూర్చుండి తీర్పు వ్రాసితిమి.

పుకార్లు ఎప్పుడు లేవు, ఫోనునే ఎందుకు నిందింపవలెనని ఒక మిత్రుడు నాతో వాదించెను. ఆయన వాదమున బలము లేకపోలేదు. రామరాజ్యముననే ఊరి మాట ఒకటి రాజు చెవికి చేరి నిండుచూలాలిని అడవికి పంపినది. పోస్టుకార్డుల కాలమున దేవుని పేరిట ఉత్తరములు వచ్చుచుండుట మా ఈడువారందరకు జ్ఞాపకమే: ఇన్ని కార్డులు వ్రాసి పంపినవానికి లాటరీ తగులును, చింపివేసినవాని ఇంట కీడు మూడును. ఎన్ని ఇండ్లలో ఆడువారు భయపడి రాత్రులు కూర్చుండి వ్రాసిరో!

అయినను ఒక భేదమున్నది. ఆ కార్డులు వ్రాయుటకు డబ్బు కావలె, చేయి నొవ్వవలె, ప్రతి అక్షరమును తానే దిద్దవలె. పదునొకండవ కార్డు దగ్గర ‘‘ఈ పిచ్చి ఏమి’’ అని ఒకనికి తోచుటకు వ్యవధి ఉండెను. నేడు ఆ వ్యవధి లేదు. బొటనవ్రేలు కదలుటకును బుద్ధి కదలుటకును నడుమ ఉండవలసిన ఎడము పోయినది. 2018 జూలైలో వాట్సాప్ సంస్థ ఒక సందేశమును ఒక్క మారు ఐదు చోట్లకు మించి పంపరాదని మన దేశమున కట్టడి చేసినది. 2020 ఏప్రిలులో, చాల చేతులు మారిన సందేశమును ఒక్కచోటికే పంపునట్లు తగ్గించినది. యంత్రమునకు కట్టడి యంత్రము చేసినవాడే పెట్టుకొనవలసి వచ్చినది. మనుష్యులము మనకు మనము ఒక్క కట్టడియు పెట్టుకొనలేదు.

అచ్చు కాలమున కట్టడి మరొక విధముగా ఉండెడిది. 1867లో బ్రిటిషు ఇండియాలో చేసిన చట్టము ప్రకారము అచ్చైన కాగితము మీద ముద్రించినవాని పేరు, ముద్రించిన చోటు ఉండవలెను. ఆ ప్రభుత్వము తన భయము కొలది చేసినదే గాని, దాని వలన ఒక మర్యాద అలవడినది. పెండ్లి శుభలేఖ అడుగున సైతము ప్రెస్సు పేరు చిన్న అక్షరములలో కనబడుట మనమెరుగుదుము. మన జిల్లా కథయే చూడుడు. నాటి వరంగల్ జిల్లాలోని ఇనుగుర్తి అను పల్లెటూరినుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 1922లో ‘తెనుగు’ పత్రికను వెలువరించిరి. నిజాము పాలనలో, పట్నమునకు దూరముగా, తెలుగు చదువులకే ఆదరువు లేని కాలమున, పల్లెలో ముద్రణాలయము పెట్టి పత్రిక నడుపుట సామాన్య సాహసము కాదు. వారు ఒక్కొక్క అక్షరమును ఏరి కూర్చి, ఆ మాట క్రింద తమ పేరు పెట్టిరి. తప్పు వ్రాసినచో ఏ గడపకు పోయి అడుగవలెనో చదువరికి తెలియును. హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వంటి చోట్ల పత్రికలు చదివిన తరము ఆ మర్యాదలో పెరిగినది. ఏ పత్రిక, ఏ తేదీ, ఎవరు వ్రాసిరి అనునది తెలిసిన పిమ్మటనే వాదము.

పాత కాలమంతయు సత్యకాలమని నేను అనను. పేరు పెట్టి అబద్ధములు అచ్చువేసినవారు నాడును ఉండిరి, నేడును ఉన్నారు. కాని పేరున్న అబద్ధమును ఎదిరించుటకు ఒక మనిషి దొరకును.

గద్వాలలో పోలీసులు చేసినది ఈ దృష్టితో చూచిన మెచ్చదగినదిగా కనబడును. అప్పటి జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి ఈ పుకారును చట్టముతోను లాఠీతోను ఎదుర్కొనజూడలేదు. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క కానిస్టేబులును నియమించి, ఆ ఊరివారితో పరిచయము పెంచుకొనుమనిరి. వారి ఫోను నంబర్లు ఊరివారికిచ్చిరి. ఊరి వాట్సాప్ గ్రూపులలో వారిని చేర్పించిరి. అనుమానము కలిగినచో తెలిసిన ముఖమునొకదానిని అడుగుటకు వీలు కలిగినది. అన్నిటికంటె నాకు నచ్చినది డప్పు. ఊరూర డప్పు కొట్టించి, ఈ వార్తలు బూటకములని చాటించిరి. పాట వచ్చిన పోలీసుల చేత జానపద బాణీలలో పాటలు పాడించిరి. ఆమె ఆధీనమున ఉన్న 400కు పైబడిన గ్రామములలో ఈ పుకారు వలన ఒక్క ప్రాణమును పోలేదు.

డప్పులో ఏమున్నది? దండోరా వేయువాడు నడివీధిన నిలుచును. వాని ముఖము అందరు చూతురు. ఎవరు చాటించుమనిరో వాడు ముందే చెప్పును. ‘‘ఎవలు చెప్పిన్రు? ఎప్పటి సంది?’’ అని ముసలమ్మ అడుగవచ్చును. వాడు బదులు చెప్పవలె. మాట వెంట మనిషి నిలిచి ఉన్నాడు. శతాబ్దముల నాటి ఆ పద్ధతి నిన్నటి యంత్రము చేసిన గాయమునకు మందైనది.

బడి సంగతికి వత్తును. పిల్లల చేతిలో ఫోను పెట్టినది ఎవరని ఒకరినొకరు దూషించుకొనుట నేడు తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును వినోదమైనది. పెట్టినది మనమే. 2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రమున దూరదర్శన్ యాదగిరిలోను టీశాట్‌లోను పాఠములు మొదలైనపుడు, ప్రతి తరగతికి ఒక గ్రూపు పెట్టి హోంవర్కు అందులోనే పంపితిమి. అవసరము అట్టిది, చేసినది తప్పు కాదు. కరోనా పోయినది, గ్రూపు మిగిలినది. ఆ గ్రూపులో మనమెట్లు మెలగుచున్నాము?

తరగతిలో ఒక పిల్లవానిని కసరితిమనుకొనుడు. ఆ కసురు గంటతో పోవును. మరునాడు మనమే మరచి వానితో నవ్వుచు మాటలాడుదుము. అదే కసురును గ్రూపులో వ్రాసితిమా, అది గంటతో పోదు. నలుబదిమంది తల్లులు చదువుదురు. ఒక తల్లి దానిని తన చెల్లెలికి పంపును. సున్నా మార్కులు వచ్చిన జవాబు పత్రమును నవ్వులాటకు ఫోటో తీసి పెట్టిన ఉపాధ్యాయుని నేనెరుగుదును. ఆయన దుర్మార్గుడు కాడు. పిల్లలన్న ప్రేమ గలవాడే. కాని ఆ పత్రము పైన పిల్లవాని పేరున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో పిల్లవానిని కొట్టుటనే కాక, మానసికముగా వేధించుటను కూడ నిషేధించినది. బెత్తము విడిచిన మనము దాని కంటె పొడుగైన దానిని జేబులో పెట్టుకొని తిరుగుచున్నామేమో చూచుకొనవలె.

పొగడ్త సంగతియు అంతే. వార్షికోత్సవమున వేదిక మీద పాట మరచి ఏడ్చిన చిన్నపాప వీడియో ముద్దుగా ఉండును, పెట్టుదుము. పదేండ్లకు ఆ పాప కళాశాలలో చేరిననాడు ఎవరో దానిని వెదకి తీసి చూపుదురు. ఆ పాపను మనము అడిగితిమా? ఐదేండ్ల పిల్లను అడుగుట ఏమి అందురేమో. అడిగి చూడుడు. వద్దని తల అడ్డముగా ఊపుట ఐదేండ్లకే బాగుగా తెలియును.

మొన్నటి వానకాలమున ఒక ఉన్నత పాఠశాలవారు పిల్లలతో మాటలాడుమని నన్ను పిలిచిరి. ఉపన్యాసము చెప్పుటకు సిద్ధపడి వెళ్లితిని గాని, తొమ్మిదవ తరగతిలో అడుగు పెట్టగానే నా ఉపన్యాసము అక్కరకు రానిదైనది. అంతకు రెండు రోజుల ముందు, భారీ వర్షముల కారణముగా రేపు పాఠశాలలకు సెలవని అధికారి సంతకముతో ఉన్న ఉత్తర్వు ఫోటో ఊరెల్ల తిరిగినదట. తరగతిలో సగము మంది బడి ఎగగొట్టిరి. సెలవు లేదు. వచ్చినవారు రానివారిని చూచి నవ్వుచుండిరి, రానివారు వచ్చినవారిని చూచి నవ్వుచుండిరి.

సరే, ఈ సెలవు ఎక్కడ పుట్టినదో చూతమంటిని. నల్లబల్ల మీద ఒక్కొక్కరు తమ పేరు వ్రాసి, తమకు పంపినవారి పేరు వైపు ఒక బాణపు గుర్తు గీయవలెను. పిల్లలకిది ఆటగా తోచినది. పావుగంటలో బల్లంతయు సాలెగూడైనది. అన్న, మేనత్త, ట్యూషను మిత్రుడు, ఆటో మామ. గీతలన్నియు ఏరుకొనుచు పోగా చివరకు మూడు చోట్ల తేలినవి. రెండు చోట్ల, ఎవరో తెలియదని వ్రాసితిమి. మూడవ గీతను గీయుటకు సుద్దముక్క పట్టుకొన్న పిల్లవాడు ఆగిపోయి తమ తరగతి ఉపాధ్యాయుని వైపు చూచెను. ఆయన నవ్వబోయి, నవ్వలేక, గీయుమనెను. ఆ గీత ఉపాధ్యాయుల గ్రూపునకే పోయినది.

ఆ ఉత్తర్వును ఆయన తన ఫోనులో మరల తీసి చూపెను. అది క్రిందటి యేటి ఉత్తర్వు. పైన తేదీ ఉన్న భాగము కత్తిరింపబడి ఉన్నది. పిల్లలకు నేను అప్పటికి ధర్మరాజు కథ చెప్పి ఉండలేదు, అప్పుడు చెప్పితిని. తేదీయే ఏనుగు అని వెనుక బల్లనుండి ఒకడు అరచెను.

అప్పుడు రెండవ వరుసలోని ఒక బాలిక లేచినది. ‘‘సారూ, అబద్ధమని తెలిసినంక ఎవలకు చెప్పాలె? మాకు పంపినోళ్లకా, మేం పంపినోళ్లకా?’’

ఇరువురకును చెప్పవలెనంటిని. మాట ఏ దారిన వచ్చినదో, ఏ దారిన పోయినదో, దిద్దుబాటు కూడ ఆ రెండు దారులను నడవవలెను.

‘‘మేం పంపినోళ్లకు చెప్తం సారూ. వాళ్లు మా దోస్తులే. కని, మాకు పంపింది మా పెదనాయిన. నీది తప్పని పెద్దోళ్లకు ఎట్ల చెప్పాలె?’’

ఇన్నియేండ్లు పాఠములు చెప్పినవాడను, దానికి నా వద్ద తగిన సమాధానము లేకపోయినది. పెద్దవారి మాటకు ఎదురాడరాదని ఆ పిల్లకు నేర్పినవారము మనమే. మర్యాదగా చెప్పవచ్చుననియు, చాటుగా చెప్పవచ్చుననియు ఏదో అంటిని. ఆ పిల్ల కూర్చుండినది గాని ఆమె ముఖమున తృప్తి లేదు.

ఆ తరగతి ఉపాధ్యాయుడు ఇంతసేపును గోడకు ఆనుకొని నిలిచి ఉండెను. ఆయన ఫోను తీసి, కొంతసేపు ఏదో వ్రాసెను. పిమ్మట బల్లల నడుమకు వచ్చి, దానిని ఆ బాలిక చేతికిచ్చెను. ఉపాధ్యాయుల గ్రూపులో, ప్రధానోపాధ్యాయుడును ఉన్న దానిలో, ఆయన ఇట్లు వ్రాసి ఉండెను: ‘‘మొన్న నేను పంపిన సెలవు వార్త తప్పు. తేదీ చూడకుండా పంపినాను.’’ పిల్లలు ఒకరి భుజము మీద ఒకరు వంగి ఆ రెండు వాక్యములను చదువుచుండగా గంట కొట్టిరి. ఎవరును లేవలేదు. క్రింద మరెవరో ఏదో టైపు చేయుచున్నట్లు తెర మీద కనబడుచుండెను. ఏమి వ్రాయుదురోయని పిల్లలు చూచుచుండిరి.